సంధ్యవేళ తెల్లని పువ్వు



పొలము గట్టున పూచిన తెల్ల ఉమ్మెత్తను మునిమాపువేళ సెల్‌ఫోనుతో ఫోటో తీయగా బూడిదరంగుగా వచ్చినది. దానిని తెల్లగా దిద్దినయెడల అబద్ధమగునా అని మన సంఘ యౌవనస్థుడొకడు అడిగెను. నవ్వి విడిచిపెట్టదగిన ప్రశ్న కాదు.

ఉమ్మెత్త సంధ్యవేళ విచ్చుకొని మరునాటి ఎండకు వాడును. దాని తెలుపును సువాసనయు రాత్రివేళ ఎగురు రెక్కల పురుగులను పిలుచుటకే. (చెట్టంతయు విషము, పిల్లలను ముట్టనియ్యకుడి.) అయితే కెమెరా తెలుపును ఎరుగదు. ఎదుటనున్నదంతయు సగటున బూడిదరంగై యుండునని ఎంచి వెలుతురును కొలుచును. అందుచేత చిత్రమంతయు పువ్వే నిండినయెడల దానిని మసకబార్చును. వెనుక చీకటి పొద విస్తారమైనయెడల ఆ పొదను వెలిగింపబోయి, పువ్వుమీది ఈనెలు కనబడకుండ తెల్లగా మాడ్చివేయును. అప్పుడు వెలుతురును కొంచెము తగ్గించి తీయవలెను. ప్రొద్దు క్రుంకిన తరువాత మిగులు ఆకాశపు వెలుగు నీలము గనుక పువ్వుమీదను నీలి ఛాయ పడును. మన కన్ను ఆ నీలమును లెక్కచేయక తెలుపే అనును. కన్ను సహితము దిద్దుచునే యున్నది! చీకటి పడుచుండగా ఎరుపు ముందుగా నల్లబడుననియు నీలము ఎక్కువసేపు కనబడుననియు బొహీమియా దేశస్థుడైన పుర్కిన్యే 1825లో వ్రాసెను. మన పెరటిలోని ఎఱ్ఱ మందారమును ఆ వేళ చూచిన తెలియును.

కాబట్టి యంత్రము తప్పుగా ఊహించినదానిని సరిచేయుట అబద్ధము కాదు. తరిగిన తూనికరాయిని మార్చిన వర్తకుని మోసగాడందుమా? అయితే ఇప్పటి ఫోనులలో రాత్రి చిత్రములకొరకు ఒక ఏర్పాటున్నది. అది అనేక చిత్రములను కలిపి సంధ్యను పట్టపగలు చేయును. పువ్వు తెల్లగానే యుండును గాని వేళ పోవును. చూచువాడు పగలు తీసినదని నమ్మును. ఇది నాకు సమ్మతము కాదు. నీలమును కొంత ఉండనియ్యవలెను.

పువ్వువలన ఎవరికి నష్టమందురా? అదే వ్రేలు రేపు పెండ్లి సంబంధమునకు పంపు పిల్ల ఫోటోమీద పడును. చామనచాయ పిల్లను తెల్లగా దిద్ది పంపుదురు. చూడవచ్చినవారు ఆమె ముఖము చూచి, ఫోటోను తలంచుకొని, కాఫీ త్రాగి మాటలేక లేచిపోదురు. అబద్ధమాడినవారొకరు, తల వంచుకొన్నది ఆమె. ఆమె మేనిఛాయ యంత్రము చేసిన తప్పు కాదు గదా, సరిచేయుటకు.

తలిదండ్రులారా, అటువంటి ఫోటో మీ యింటినుండి వెళ్లియున్నయెడల, వారు బయలుదేరకమునుపే మరియొకటి పంపుడి.