సొట్ట తీయవలెనా, ఉంచవలెనా?



పాత ట్రాక్టరును బాగుచేయుట కొందరికి ఒక వేడుక. పొలము దున్నుటకు కాదు, అద్దెకు త్రిప్పుటకు కాదు. ఆగిపోయిన యంత్రము మరల పలుకుట వినవలెనని మాత్రమే. దీనికి సొమ్మును కాలమును ఖర్చగును. ఇది తగునా అని ఇంటివారు అడుగుదురు. నన్నును అడిగిరి. ఆ ప్రశ్నకు జవాబు వెదకుచుండగా దానికంటె కష్టమైన ప్రశ్న నాకెదురైనది. దానిని గూర్చియే ఈ నాలుగు మాటలు.

ఈ వేడుక మిక్కిలిగా కనబడు దేశములలో ఇంగ్లండు ఒకటి. అక్కడ అనేకులు ముద్దుచేయు యంత్రము ఫెర్గుసన్ టి.ఇ. 20 అను చిన్న బూడిదరంగు ట్రాక్టరు. హారీ ఫెర్గుసన్ అను ఐర్లండు రైతుబిడ్డ ఆలోచననుండి అది పుట్టినది. 1946 మొదలు 1956 వరకు కోవెంట్రీ పట్టణములోని బానర్ లేన్ కర్మాగారములో అవి ఐదు లక్షలకు పైగా తయారైనవి. ఆ కర్మాగారము రెండవ ప్రపంచ యుద్ధకాలములో విమానముల ఇంజనులు చేసిన చోటు. యుద్ధము ముగిసిన పిమ్మట అదే కప్పు క్రింద నాగలి లాగు యంత్రములు పుట్టినవి. ఆయుధములు పోయి సేద్యపు పనిముట్లు వచ్చు దినమును గూర్చి యెషయా ప్రవక్త చూచిన దర్శనము మనకు జ్ఞాపకము రాకమానదు.

ఫెర్గుసన్ చేసిన మేలు ఒకటి చెప్పవలెను. అంతకుముందు నాగలిని ట్రాక్టరు వెనుక ఊరక తగిలించి లాగెడివారు. నాగలి రాతికి తగిలినయెడల ట్రాక్టరు ముందుభాగము పైకి లేచి, వెనుకకు తిరుగబడి, నడుపువాని మీద పడెడిది. అట్లు ప్రాణములు పోయినవి. ఫెర్గుసన్ నాగలిని ట్రాక్టరుకు మూడు చోట్ల కలిపి, నూనె ఒత్తిడితో దానిని ఎత్తి దింపు హైడ్రాలిక్ పద్ధతిని జోడించెను. నేల నాగలిని ఎంత బిగువుగా పట్టునో, వెనుక చక్రములు నేలను అంత గట్టిగా పట్టును. తేలికయైన యంత్రము బరువైన పని చేయుటలోని కిటుకు ఇదియే. సర్ ఎడ్మండ్ హిల్లరీ 1958 జనవరి 4న దక్షిణ ధ్రువమును చేరినది ఈ ట్రాక్టర్లతోనే. 1953లో ఫెర్గుసన్ కంపెనీ మాసీ హారిస్ కంపెనీతో కలిసెను. 1960లో మద్రాసులో టాఫే సంస్థ ఏర్పడి, ఆ వంశపు ఎర్ర ట్రాక్టర్లు మన పల్లెలకును వచ్చినవి. మా తండ్రిగారు కొనినది అట్టిదే.

ఆయన గతించిన పిమ్మట అది పదకొండేండ్లు పాకలో పడియుండెను. నేను ఉద్యోగము విరమించి ఇంటికి వచ్చి చూడగా ఇంజను పట్టివేసియున్నది. ఊరిలోని ముసలి మేస్త్రిని పిలిపించితిని. అతడు మూడు ఇంజెక్టర్లను విప్పి, ఆ రంధ్రముల గుండ సిలిండర్లలోనికి డీజిలును ఇంజనాయిలును కలిపి పోసి, వెళ్లిపోయెను. నాకు ఓపిక లేక రెండవనాడే సుత్తి పట్టుకొంటిని.

“కొట్టబాకండి అయ్యగారూ, పిస్టను పగులుద్ది. తుప్పు నానితే అదే వదులుద్ది” అని అతడు వారించెను.

ప్రతి సాయంకాలము వచ్చి ఫ్లైవీలును కడ్డీతో వెంట్రుకవాసి ముందుకు, వెంట్రుకవాసి వెనుకకు కదలింప చూచెడివాడు. తొమ్మిదవనాడు అది కదలినది. పిమ్మట రింగులు మార్చితిమి, హెడ్డు గాస్కెట్టు మార్చితిమి, డీజిలు గొట్టములలోని గాలి తీసితిమి. అది మరల పలికిన ఉదయమున నేను చిన్నపిల్లవానివలె ఏడ్చితిని.

ఇక రంగు వేయు పని మిగిలినది. ఇక్కడనే ప్రశ్న వచ్చెను. ఎడమ మడ్‌గార్డు మీద అరచేయంత సొట్ట కలదు.

“ఇది తీయమంటారా, ఉంచమంటారా?” అని మేస్త్రి అడిగెను.

“తీసేయ్ మేస్త్రీ” అంటిని. అతడు వెనుకవైపు చెక్కదిమ్మ ఆనించి సుత్తి ఎత్తెను. ఏల అంటినో అప్పుడు తెలిసి, ఆగుమంటిని.

ఆ సొట్ట నా తమ్ముడు పదమూడేండ్ల వయస్సులో చేసినది. ఎవరికిని చెప్పక ట్రాక్టరు ఎక్కి బావి గోడకు కొట్టెను. నాన్నగారు వానిని కొట్టలేదు. మరునాడే వానిని మరల ఆ సీటు మీద కూర్చుండబెట్టి, తాను ప్రక్కన నిలిచి నడిపించెను. సొట్టను మాత్రము అట్లే ఉంచెను. ఆ తమ్మునితో నాకు నాలుగేండ్లుగా మాట లేదు. పొలము గట్టు దగ్గర పుట్టిన తగవు. ఒకే మందిరములో ఆయనొక వైపు, నేనొక వైపు బల్లలమీద కూర్చుండి, ఆరాధన ముగియగానే వేరు వేరు ద్వారముల గుండ వెళ్లుచుంటిమి. సొట్ట తీయమనుటలో నా ఉద్దేశము అందము కాదు. తమ్ముని గురుతు నా పాకలో ఉండరాదని.

ఇంగ్లండులో ఈ వేడుకగలవారు రెండు మార్గముల వారు. కొందరు యంత్రమును కర్మాగారమునుండి వచ్చిననాటి వలె నిగనిగలాడునట్లు చేయుదురు. మరి కొందరు పనిబట్టలలోనే ఉండనిమ్మని, ఇంజనును మాత్రము బాగుచేసి, గీతలను సొట్టలను ఉంచుదురు. రెండును తప్పు కావు. తప్పు మరియొకటి కలదు. బీటను లప్పముతో పూడ్చి, పైన రంగు కొట్టి, బాగుచేసితిమని చెప్పుట. మనుష్యుల మధ్య సమాధానము పేరట మనము తరచుగా చేయునది ఈ లప్పపు పనియే. దీనికి ఎదురుగా మరియొక తప్పును కలదు. సొట్టను ఉంచి, దినదినము దానిని చూచి కోపమును మేపుకొనుట. మరచినట్లు నటించుట ఒకటి, మరువక పగబట్టుట ఒకటి. ఈ రెంటి నడుమ మార్గమేది?

నాకు మరల కోవెంట్రీయే జ్ఞాపకము వచ్చెను. 1940 నవంబరు 14 రాత్రి బాంబులు పడి ఆ పట్టణపు పెద్ద దేవాలయము కాలిపోయెను. 1962లో క్రొత్త దేవాలయమును ప్రతిష్ఠించునప్పుడు పాత గోడలను కూల్చలేదు; వాటి ప్రక్కనే కట్టిరి. పాత బలిపీఠము వెనుక క్షమాపణ కోరు ప్రార్థన చెక్కబడియున్నది. అందులో ‘వారిని’ అను మాట లేదు. క్షమింపబడవలసినవారు అవతలివారే అని ఆ గోడ చెప్పదు. శిథిలము దాచబడలేదు, పగకు సాక్షిగాను నిలుపబడలేదు.

కాబట్టి సొట్టను ఉంచితిని. దానిమీదనే ఎర్రరంగు వేయించితిని. ఆ ఆదివారము ఆరాధన పిమ్మట నా ద్వారము విడిచి తమ్ముని ద్వారము యొద్దకు పోయి నిలిచితిని. ఏమి చెప్పవలెనో తెలియక “నాన్న బండి స్టార్టయింది” అంటిని. సాయంకాలము అతడు వచ్చెను. చాలసేపు మాటాడలేదు. సొట్ట మీద చేయి పెట్టి, “దీన్ని ఉంచావా అన్నయ్యా” అనెను.

గట్టు తగవు ఇంకను తీరలేదు. సర్వేయరు వచ్చి కొలువవలసియున్నది. కొలత నాకు విరోధముగా రావచ్చును. అయినను ఇప్పుడు మేము ఒకే ద్వారము గుండ బయటికి వచ్చుచున్నాము.

ఇక ఇంటివారి ప్రశ్న. ఈ వేడుక తగునా? యంత్రమునకు తొమ్మిది దినములు ఓపిక పట్టి, తోబుట్టువునకు నాలుగేండ్లు తలుపు మూసినవానికి అది తగదు. ఇనుము దగ్గర నేర్చిన ఓపికను ఇంటిలోనికి తెచ్చువానికి తగును. మీ పాకలో ఏ యంత్రమును లేకపోవచ్చును. అయినను పట్టివేసినది ఏదియైనను మీ యింట ఉన్నదేమో చూచుకొనుడి. సుత్తి ఎత్తకుడి. నూనె పోసి, దినమునకు వెంట్రుకవాసి కదలింప చూడుడి.