ఎవరు చెప్పారని అడిగారా?

ప్రయాణంలో ఒక సహాబీకి రాయి తగిలి తల పగిలింది. ఆ తర్వాత ఆయనపై గుసుల్ విధి అయింది. తయమ్ముమ్ చేసుకోవచ్చా అని తోటివారిని అడిగారు. నీళ్లు ఉండగా కుదరదన్నారు వాళ్లు. ఆయన స్నానం చేసి, చనిపోయారు. ఈ సంగతి తెలిసి దైవప్రవక్త (సల్లం) ఎంతో ఆగ్రహించారు. అతన్ని చంపింది వాళ్లేనని, తెలియనప్పుడు అడగవలసిందని మందలించారు. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు అబూ దావూద్‌లో ఉంది.

సోదర సోదరీమణులారా! ఆ చెప్పినవారు శత్రువులు కారు. మేలు కోరే చెప్పారు. అయినా ప్రాణం పోయింది.

ఇక మన ఇళ్లకు వద్దాం. రాచర్లలోనైనా, గిద్దలూరులోనైనా కాన్పయిన కోడలు వారాల తరబడి నిద్రపోక, బిడ్డను దగ్గరికి తీసుకోక ఏడుస్తుంటే ముందు ఫోను తెరుస్తున్నాం. ఒక వీడియో అసర్ అంటుంది. మరొకటి ఈమాన్ తక్కువంటుంది. మూడోది ఏడు రోజుల్లో నయం చేసే పొడి అమ్ముతుంది. కాన్పు తర్వాత వచ్చే ఈ కుంగుబాటు వైద్యులకు బాగా తెలిసిన జబ్బు, చికిత్సతో తగ్గేది.

ఈమాన్ మాట ఎత్తేవారిని మేము ఒకటే అడుగుతాం. కుమారుని ఎడబాటుతో యాఖూబ్ (అలైహిస్సలాం) కళ్లు తెల్లబడ్డాయని ఖుర్ఆన్ (12:84) చెబుతోంది. ఆ ప్రవక్తకు ఈమాన్ తక్కువా?

హదీసు చెప్పేవాణ్ణి మన ముహద్దిసులు ఊరికే నమ్మలేదు. ఎవరి దగ్గర విన్నావు, నీ జ్ఞాపకశక్తి ఎలాంటిది, నీ నడవడి ఏమిటి అని ఆరా తీశారు. వుజూ గురించిన హదీసుకు ఇస్నాద్ అడిగే సముదాయం, కోడలి ప్రాణానికి సంబంధించిన మాటకు అడగదెందుకు? హుజురాత్ సూరా ఆరవ ఆయతు, నమ్మదగనివాడు తెచ్చిన కబురును విచారించుకోమంటోంది, తెలియక ఎవరికైనా హాని చేస్తామేమోనని. కనుక చెప్పేవాని పేరు, చదువు చూడండి. మానసిక వైద్యంలో ఎం.డి. చేసినవారా? చివర్లో ఏదైనా అమ్ముతున్నారా? బెంగళూరు నిమ్హాన్స్ వంటి సంస్థలు అదే మాట చెబుతున్నాయా? లక్షణాల జాబితా చదివితే ప్రతి ఒక్కరికీ తమ జబ్బు అందులో కనిపిస్తుంది, అది వేరే సంగతి! దానితో జబ్బు నిర్ధారణ కాదు.

దుఆ చేయండి, ఖుర్ఆన్ చదివి ఊదండి, ఎవరు కాదన్నారు? కానీ వీడియో చూసి మాత్రలు మాన్పించకండి. హఠాత్తుగా ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు. తగ్గించాలన్నా, ఆపాలన్నా రాసిన డాక్టరే చెప్పాలి.

ఒంగోలు దూరమనుకునేవారికి టెలి మానస్ ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించింది. నంబరు 14416. ఖర్చు లేదు, రాత్రింబవళ్లు పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. పర్దాలో ఉండే సోదరీమణులు ఇంటి నుంచే అడగవచ్చు. ఎవరైనా చచ్చిపోతానని అంటుంటే మాత్రం తెల్లవారనీ అనుకోకండి. ఒంటరిగా వదలకుండా పక్కన కూర్చుని, అప్పుడే ఫోను చేయండి. దగ్గరి ఆసుపత్రికి తీసుకుపోండి.