గడప దాటడమా, సముద్రం దాటడమా?



అక్టోబరులో మిషన్ ఆదివారం దగ్గరపడేకొద్దీ మన విచారణల్లో ఒక ప్రశ్న వినిపిస్తూ ఉంటుంది. నర్సింగ్ చదువు ముగించిన అమ్మాయి, "ఒక సంవత్సరం ఆఫ్రికాలో మఠకన్యల ఆసుపత్రిలో ఉచితంగా సేవ చేసి వస్తాను" అంటుంది. "మన పేటలో పేదలు లేరా తల్లీ? ముందు వాళ్లను చూడు" అంటుంది నాయనమ్మ. చదువు కోసం తెచ్చిన అప్పు గుర్తుకొచ్చి తండ్రి మౌనంగా ఉండిపోతాడు. ముగ్గురి మనసులోనూ న్యాయం ఉంది. మరి ప్రభువు చిత్తం ఏది?

సువార్త ఈ ప్రశ్నకు ఒకే జవాబు చెప్పదు. మార్కు సువార్త 5వ అధ్యాయం చదవండి. దయ్యాల పీడ వదిలిన గెరాసేను ప్రాంతీయుడు పడవ దగ్గరకు వచ్చి, తననూ వెంట తీసుకుపొమ్మని యేసును బతిమాలాడు. ప్రభువు ఒప్పుకోలేదు. ఇంటికి వెళ్లి, తన వారికి దేవుడు చేసిన మేలు చెప్పమన్నారు. అదే ప్రభువు గలిలయ సరస్సు ఒడ్డున జాలరులను మాత్రం వలలు వదలి తన వెంట రమ్మన్నారు. ఒకరు ఉండిపోవాలనుకోలేదు, పంపబడ్డారు. మరికొందరు వెళ్లాలనుకోలేదు, పిలవబడ్డారు. కాబట్టి పవిత్రత దూరంలోనూ లేదు, దగ్గరలోనూ లేదు. విధేయతలో ఉంది.

అంతియోకియ శ్రీసభను చూడండి. కరవు వస్తుందని తెలియగానే అక్కడి విశ్వాసులు ఎవరి శక్తి కొలది వారు సొమ్ము కూర్చి యూదయాలోని సహోదరులకు బర్నబా, సౌలుల చేత పంపారు. తరువాత అదే సంఘం ఉపవాసముండి, ప్రార్థించి, ఆ ఇద్దరినే దూరప్రాంతాలకు సువార్త సేవకు పంపింది. తమకు అక్కరలేని వారిని కాదు, తమలో ఉత్తములను ఇచ్చింది. ఉన్నచోట దానం చేయడం నేర్చిన సంఘమే దూరానికి మనుషులను ఇవ్వగలిగింది.

ఇందుకు మన తెలుగు నేలమీదే ఒక సాక్ష్యం ఉంది. ఆస్ట్రేలియాలో 1887లో జన్మించిన మేరీ గ్లౌరీ మెల్‌బోర్న్‌లో వైద్యురాలయ్యారు. 1915లో ఒక చిన్న పుస్తకంలో, మనదేశంలో స్త్రీలు పురుష వైద్యుల వద్దకు వెళ్లలేక తల్లులు, బిడ్డలు చనిపోతున్న సంగతి చదివారు. అదే తన పిలుపని గ్రహించారు. కానీ మరునాడే ఓడ ఎక్కలేదు. ఇంకా 4 సంవత్సరాలకు పైగా తన నగరంలోనే రోగులను చూశారు. అక్కడి కథోలిక స్త్రీల సేవాసంఘానికి మొదటి అధ్యక్షురాలిగా పనిచేశారు. ప్రసూతి, స్త్రీ, నేత్ర వైద్యాల్లో పైచదువు చదివారు. 1920 ఫిబ్రవరిలో గుంటూరు చేరి జె.ఎం.జె. మఠంలో ప్రవేశించారు. మఠకన్యగా వైద్యం చేయడానికి 15వ బెనెడిక్టు పోపుగారి అనుమతి లభించింది. లెక్కలేనంతమంది పేద తల్లులకు ఆమె చేతులు తోడయ్యాయి. అంతేకాదు, మన ఆడపిల్లలకే మందులు కలపడం, పురుడు పోయడం, రోగులకు సేవ చేయడం నేర్పారు. 1943లో కథోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. 1957లో బెంగుళూరులో కన్నుమూసేవరకు మళ్లీ స్వదేశం చూడలేదు. 2013లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది.

"మెల్‌బోర్న్‌లో పేదలు లేరా?" అని ఆమెను నిలిపివేసి ఉంటే గుంటూరు తల్లుల గతి ఏమయ్యేది? ఇంటి దగ్గర పేదలను పట్టించుకోకుండా ఆమె వచ్చి ఉంటే, మనకు ఏమి తెచ్చి ఉండేవారు?

వెళ్లాలనుకునే యువతీ యువకులారా, మూడు ప్రశ్నలు వేసుకోండి. మీ ఊళ్లో కనీసం ఒక్క పేద కుటుంబాన్నయినా పేరుపేరునా ఎరుగుదురా? అక్కడివారికి అవసరమైన పని మీ చేతికి వచ్చా, లేక వారే మీకు నేర్పవలసి వస్తుందా? మీరు వెళ్తే ఆ భారం ఎవరి నెత్తిన పడుతుంది? దేవునికి అర్పించామని చెప్పి తల్లిదండ్రులకు ఇవ్వవలసినది ఎగవేసేవారిని యేసు గద్దించారు. అప్పు తీరేవరకు రెండేళ్లు ఆగడం పిలుపును కాదనడం కాదు. మేరీ గ్లౌరీ కూడా ఆగారు. ఆగిన కాలాన్ని వృథా చేయలేదు.

"ఇక్కడ పేదలు లేరా?" అనే పెద్దలారా, మీకు ఒకే ప్రశ్న. వారికోసం మీరేమి చేస్తున్నారు? ధనవంతుని వాకిట లాజరు పడి ఉన్నాడు. ధనవంతుడు అతన్ని కొట్టలేదు, తిట్టలేదు. రోజూ దాటుకొని వెళ్లాడు, అంతే. దూరం వెళ్లేవారిని ఆపడానికి మాత్రమే గుర్తొచ్చే పేదవాడు మనకు నిజంగా పొరుగువాడు కాడు.

నిజానికి పరదేశి మన గడప దాకా వచ్చే ఉన్నాడు. మన పల్లెల పక్కన ఇటుక బట్టీల్లో ఒడిషా నుండి వచ్చిన కుటుంబాలు నెలల తరబడి పని చేస్తాయి. వారి బిడ్డలు మన బడికి రారు, మన భాష రాదు. జ్వరమొస్తే ఆసుపత్రిలో ఏమి చెప్పాలో తల్లికి తెలియదు. సముద్రం దాటకుండానే మిషన్ సేవ చేయడానికి ఇంతకంటే దగ్గర చోటేది? మన వీధిలో క్షయ రోగి ఆరు నెలలు మానకుండా మందు మింగాలి. వారానికి రెండుసార్లు పలకరించే మనిషి ఉంటే అతడు మధ్యలో మానడు.

ఈ వారం ప్రతి కుటుంబం జపమాల ముగిశాక ఒక్క మాట మాట్లాడుకోండి. మన ఇంటి నుండి ప్రభువు ఎవరిని, ఎక్కడికి పంపుతున్నారు? వెళ్లేవారుంటే విచారణ గురువులతో ఆలోచించి, ఆశీర్వదించి పంపండి. ఉండేవారు కూడా పంపబడినవారిలాగే ఉండండి.

ప్రభువా, వెళ్లేవారికి వినయాన్ని, ఉండేవారికి చూసే కళ్లను దయచేయండి. ఆమెన్.