మచ్చికయు మృగస్వభావమును

బోనులో పెరిగిన పులికి అడవి తెలియునా? తెలియనిచో దానిలోని పులితనము ఏమైనట్లు? ఈ ప్రశ్న పైకి జంతుశాస్త్రమునకు సంబంధించినదిగా తోచును గాని, ఇందులో ధర్మవిచారము కూడ ఇమిడియున్నది. ఒక ప్రాణిని దాని చోటినుండి తొలగించి పోషించుట దయ యగునా, కాదా అని నిర్ణయింపవలెనన్న, ఆ ప్రాణి స్వభావము బంధనములో ఏమగుచున్నదో ముందుగా తెలిసికొనవలెను. దీనికై దూరదేశముల ఉదాహరణములతో ఆరంభింప నక్కరలేదు. శ్రీశైల క్షేత్రమును చుట్టియున్న నల్లమల అంచుననే ఒకటి జరిగినది.

2023 మార్చి మొదటి వారములో, పూర్వము కర్నూలు జిల్లాలో నుండి నేడు నంద్యాల జిల్లాలో చేరిన కొత్తపల్లె మండలమునందలి పెద్ద గుమ్మడాపురము గ్రామమున నాలుగు పులిపిల్లలు గ్రామస్థుల కంటబడినవి. నాలుగును ఆడపిల్లలే. కుక్కలు పైబడునేమోయని గ్రామస్థులు వాటిని ఒక గదిలో భద్రపరచి, అటవీశాఖవారికి కబురు పంపిరి. టి-108 అను గుర్తుగల ఆడపులి వాటి తల్లి యని తలచి, ఆత్మకూరు అడవిలో కెమెరాలు అమర్చి, మనుష్యులను పంపి, కొన్ని దినములు తల్లిని పిల్లలను కలుపుటకు ప్రయత్నించిరి. అది ఫలింపలేదు. పిల్లలను తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాలకు తరలించిరి. పెంచి, వేట నేర్పి, తిరిగి అడవిలో విడువవలెనన్నది అప్పుడు అధికారులు ప్రకటించిన సంకల్పము.

గ్రామస్థులు చేసినది దయాకార్యమే. తమ మేకలను, పశువులను ఎత్తుకొనిపోగల జంతువు పిల్లలని తెలిసియు వాటిని కాపాడిరి. ఎవరును వేలెత్తి చూపదగినది ఇందులో లేదు. అయినను ఆ గది తలుపు మూసినది మొదలు ఆ పిల్లల జీవితము మనుష్యుల చేతిలోనికి వచ్చినది. దయకు కూడ బాధ్యత వెంటనంటి వచ్చును.

“వేట నేర్పి” అను మాటను కొంచెము పరిశీలింతము. పులికి వేట మనుష్యుడు నేర్పునా? ఇంటిలో పుట్టిన పిల్లికూనను చూడుడు. ఎలుక నెన్నడును చూడకపోయినను, నేలపై దారము కదలినంతనే ఒదిగి, తోక ఆడించి, పైకి దుముకును. ఒదుగుట, పొంచుట, లంఘించుట పుట్టుకతో వచ్చినవే. తల్లి నేర్పునది వేరు: ఏ జంతువును పట్టవలెను, మెడను ఎచట కరవవలెను, దేనిని విడిచి తొలగవలెను అనునవి. మధ్యప్రదేశమున కాన్హాలో తల్లిని కోల్పోయి, ఆవరణములో పెరిగిన రెండు ఆడపులులను 2011లో పన్నా అడవికి చేర్చిరి. తల్లివెంట తిరిగి వేట నేర్చుకొనకపోయినను అవి స్వయముగా వేటాడి బ్రదికినవి. వాటిలో ఒకటి పిల్లలను కూడ కన్నది. కావున బంధనములో వేటగుణము నశించునన్న భయము సగము నిరాధారము.

మరి నశించునదేమి? నా విచారములో, బోను మృగమునుండి తీసివేయునది క్రౌర్యము కాదు, బెదురు. అడవిపులి మనుష్యుని అలికిడి విన్నంతనే తొలగిపోవును. స్విట్జర్లాండు దేశమున జంతుశాలలకు అధిపతిగా నుండిన హైనీ హెడిగర్ అను పండితుడు ఈ విషయమును నిశితముగా పరిశీలించెను. ప్రతి మృగమునకును ఒక దూరపు గీత యున్నదనియు, శత్రువు ఆ గీత దాటినచో అది పారిపోవుననియు, పారిపోవుటకు దారి లేక శత్రువు ఇంకను దగ్గరకు వచ్చినచో తిరుగబడుననియు ఆయన చెప్పెను. సర్కసులో కొరడా పట్టిన మనుష్యుడు ఈ రెండు గీతల నడుమనే ముందుకు వెనుకకు అడుగులు వేసి సింహమును ఆడించెడివాడు. చూచువారు అది అతని ధైర్యమనుకొనిరి, సింహపు విధేయత యనుకొనిరి. జంతుశాలలో మొదటి గీత క్రమముగా కుంచించుకొనిపోవును; దినదినమును మనుష్యులను చూచుచు, మనుష్యుని చేతినుండి మాంసము పొందుచు, మృగము పారిపోవుట మానివేయును. రెండవ గీత మాత్రము ఎచటికిని పోలేదు.

2024 ఫిబ్రవరిలో తిరుపతి జంతుశాలయందే ఈ విషయము ఘోరముగా రుజువైనది. ఒక సందర్శకుడు కంచె దాటి సింహపు ఆవరణలోనికి దుమికెను. సింహము అతనిని చంపెను. ఆ సింహమును క్రూరమనుట తగదు. అది తన చోటున ఉన్నది. సందర్శకులకు ఒక భ్రమ యున్నది: పగలెల్ల నిద్రించు సింహమును చూచి “సోమరి యైనది, సాధువైనది” అనుకొందురు. లేపుటకై కేకలు వేయువారును, రాళ్లు విసరువారును కలరు. అడవిలోని సింహము కూడ దినములో అధికభాగము పడుకొనియే యుండునని ఎవరైనను వారికి చెప్పవలెను! సఫారీలో మనుష్యులే వలకిటికీల బండిలో కూర్చుందురు, మృగములు వెలుపల తిరుగును. దానినిబట్టి అది అడవియే యని పిల్లలకు చెప్పుచుందుము. సాయంకాలమున మాంసము కొరకు తానే వచ్చి గదిలో చేరు మృగమునకు అది అడవి కాదని తెలియును.

ఇచట మచ్చికకును పెంపకమునకును భేదము గ్రహింపవలెను. మన ఎద్దు వేల సంవత్సరములుగా, తరతరములుగా మనుష్యుని నీడలో మారివచ్చిన జంతువు. రష్యాదేశమున బెల్యాయెవ్ అను శాస్త్రజ్ఞుడు 1959లో నక్కలతో ఆరంభించిన ప్రయోగము ప్రసిద్ధము: తరమునకు తరము సాధువులను మాత్రమే ఏరి సంతతి పెంచగా, కొన్ని తరములకు కుక్కలవలె తోక ఆడించు నక్కలు పుట్టినవి. అట్టి మార్పునకు తరములు కావలెను. ఒక జన్మ చాలదు. ఏనుగు వందల యేండ్లుగా మన దేవాలయముల ముంగిట, మఠముల ముంగిట నిలిచియున్నను పెంపుడు జంతువు కాలేదు. అడవిలో పుట్టినదానిని పట్టి, గొలుసువేసి, లొంగదీసి మచ్చిక చేసినదే గాని, ఎద్దువలె మారినది కాదు. మదకాలము వచ్చినప్పుడు మావటివానికే దానివద్దకు పోవుటకు జంకు. బాళెహొన్నూరు రంభాపురి పీఠమున 2024 డిసెంబరులో ఉత్సవములకై యంత్రపు ఏనుగును స్వీకరించిరి. దానిని చూచి నవ్వినవారు ఉందురు. నాకు మాత్రము అది ఏనుగును గౌరవించిన పద్ధతిగానే తోచుచున్నది.

అన్ని ప్రాణులును బోనును ఒకేరీతి భరింపవు. కడప జిల్లా సిద్ధవటము ప్రాంతపు ముళ్లపొదల నేలలలో కలివికోడి యను పక్షి కలదు. రాత్రివేళ సంచరించునది, ఎగురుటకంటె పరుగెత్తుటకే ఇష్టపడునది. 1900 తరువాత ఎవరికిని కనబడక, అంతరించినదని తలచుచుండగా, 1986 జనవరిలో రెడ్డిపల్లె సమీపమున ఒక స్థానికుడు దీపపు వెలుగులో దానిని సజీవముగా పట్టెను. పండితులు సంతోషించిరి. ఆ పక్షి మాత్రము కొద్ది దినములకే చనిపోయినది. దాని జాతి కొరకు తరువాత శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది, తెలుగుగంగ కాలువ దారిని కూడ మార్చిరి. అది ఆ మరణము తెచ్చిన మేలు. పులి, సింహము, ఎలుగుబంటి బలిష్ఠములు గావున వెంటనే చావవు. కంచెవెంట అదే గీతపై ఇటునుండి అటు, అటునుండి ఇటు నడచుచుండును. అడవిలో ఎంత విశాలముగా తిరుగు జాతియో, బోనులో అంతగా ఈ నడక ఎక్కువగుననియు, దాని పిల్లలు అంతగా చనిపోవుననియు ఇంగ్లండు శాస్త్రజ్ఞులు 2003లో వెల్లడించిరి. తిరుపతి జంతుశాల రెండువేల హెక్టార్లకు పైబడినది, మన దేశమున పెద్దవాటిలో నొకటి. కాని మంచి వేట దొరకు అడవిలో ఒక్క ఆడపులియే దాదాపు అంతటి నేలను తనదిగా ఏలుకొనును.

బెదురు పోయిన మృగమునకు మనుష్యునివలన కలుగు అపాయమును కూడ మరువరాదు. 2000 అక్టోబరులో హైదరాబాదు నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో ఒక ఆడపులిని దాని ఆవరణలోనే చంపి చర్మము ఒలిచిరి. అడవిలో పులిని చంపుటకు వేటగాడు రాత్రులు కాచుకొనవలెను; అచట ఆ శ్రమయు లేకపోయెను. (వ్యాఘ్రాజినమును పీఠముగా వాడు ఆచారము మనలోను ఉండెడిది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము తరువాత దానిని గూర్చి ఎవరును వేరుగా చెప్పనక్కరలేదు.)

సర్కసు మృగముల సంగతి వేరు. 1998లో కేంద్రప్రభుత్వము సింహములను, పులులను, చిరుతలను, ఎలుగులను, కోతులను ప్రదర్శనలలో ఆడించుటను నిషేధించిన పిదప, వాటిలో పెక్కింటిని తిరుపతి, విశాఖపట్టణము మొదలగుచోట్ల రక్షణకేంద్రములలో ఉంచిరి. ఆ సింహములు గిరి సింహములకును ఆఫ్రికా సింహములకును పుట్టిన సంకరజాతివి. ఏ అడవికిని చెందవు. వాటికి సంతానము కలుగకుండ చేసి, వృద్ధాప్యమువరకు పోషించుటయే మార్గమైనది. అది ప్రదర్శన కాదు, ఋణము తీర్చుకొనుట. ఈ పద్ధతి న్యాయమైనదే యని నా అభిప్రాయము.

గుమ్మడాపురపు పిల్లలవంటివాటి విషయమే కఠినము. అవి అడవిలో పుట్టినవి. అడవికి పంపక జీవితమంతయు కంచెలో ఉంచుట అన్యాయమని ఒక పక్షము. పంపినచో? వేటాడగలవు, సందేహము లేదు. కాని మనుష్యుని చూచి తొలగిపోవునా? పాలసీసా పట్టినది మనుష్యుడు, మాంసము వేసినది మనుష్యుడు. పెంచువారు తమ ముఖము, వాసన, కంఠము వాటికి తెలియనీయక పెంచగలిగినచో మాత్రమే విడువవలెనని నేననుకొందును. అది మిక్కిలి ఖర్చుతో, ఓర్పుతో కూడిన పని. సందర్శకుల ముచ్చటకు పులికూనను చేతికెత్తుకొని ఫోటోలు దిగువారితో జరుగు పని కాదు. ఆ ఓర్పు లేనిచో, జీవితాంతము పోషించు భారమును నోరెత్తక మోయుటయే మిగులును.

ఇది మనకు దూరపు మాట కాదు. శివరాత్రికిని, ఉగాదికిని ఆత్మకూరు వైపునుండి వెంకటాపురము, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారము చేరు కాలినడక త్రోవలో వేలమంది భక్తులు, అందులో కర్ణాటకమునుండి వచ్చు మన శరణబంధువులు, పిల్లాపాపలతో నడచెదరు. అది పులుల అడవి. చెంచుల గూడెములు కూడ ఆ అడవిలోనే యున్నవి. మృగముల సంచారమునకు భంగము కలుగకుండ దోర్నాల - శ్రీశైలము ఘాటురోడ్డుపై రాత్రి తొమ్మిది మొదలు ఉదయము ఆరువరకు బండ్లను ఆపివేయుదురు. యాత్రికులు పులిని చూచుట అరుదు. పులి మాత్రము వారిని చూచుచునే యుండును. వందల అడుగుల చప్పుడు, గంటల మ్రోత, మల్లయ్య నామము వినబడగానే అది పొదలవెంబడి ప్రక్కకు తొలగిపోవును. పాలసీసాతో పెరిగిన పులిని ఆ త్రోవకు విడిచిననాడు, ఆ చప్పుడు దాని చెవికి ఏమని వినబడునో విడుచువారు ముందే తెలిసికొనియుండవలెను.