ఏ జాతిది అని అడిగే ముందు



ఇంటికి కుక్కను తెచ్చుకుందాం అని పిల్లలు అడిగితే మన నోట వచ్చే మొదటి ప్రశ్న "ఏ జాతిది?" అనే కదా. కుక్కల షెల్టర్‌కు వెళ్లినా చాలామంది చూపు కూనల మీదే, జాతి కుక్కల మీదే ఉంటుంది. నాలుగైదేళ్లు నిండి, పాతిక ముప్పై కిలోలుండి, తల్లిదండ్రులెవరో తెలియని పెద్ద కుక్క ముందు ఆగేవాళ్లు తక్కువ. దాన్ని 'సంకరం' అనేస్తారు.

ఈ మాట మనకు కొత్తదా? వర్ణసంకరం అని భయపెట్టి మనుషుల్ని వెలివేసింది ఈ లెక్కే. చండాలురు ఊరి బయటే ఉండాలి, కుక్కలూ గాడిదలే వాళ్ల ఆస్తి కావాలి అని మనుస్మృతి పదో అధ్యాయం చెప్పింది. 1927 డిసెంబర్ 25న మహాడ్‌లో బాబాసాహెబ్ నాయకత్వంలో తగలబెట్టింది ఆ మనుస్మృతినే.

ఇక్కడ మన పెద్దవాళ్లు ఒకమాట అంటారు. "మహాడ్ చౌదార్ చెరువులో జంతువులు నీళ్లు తాగొచ్చు, మనం ముట్టకూడదన్నారు. కుక్కకన్నా హీనంగా చూశారు. ఇప్పుడు మనం కుక్కను ముద్దు చేయాలా?" ఈ బాధ నిజం. దీన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. కానీ ఆలోచించండి, మనకు నీళ్లు ఆపింది కుక్క కాదు, మనిషి. కుక్క తాగడం అన్యాయం కాదు, మనల్ని తాగనివ్వకపోవడం అన్యాయం. 1934లో రాజగృహలో బాబాసాహెబ్ కుటుంబంతో తీయించుకున్న ఫోటోలో ఆయన కుక్క టోబీ కూడా ఉంది. 1956లో నాగపూర్‌లో ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో సమస్త ప్రాణుల పట్ల కరుణ చూపుతాననే ప్రతిజ్ఞ ఉంది.

పాళీలో 'జాతి' అంటే పుట్టుక. జంతువుల్లో పుట్టుకతో వచ్చే గుర్తులు వేరువేరుగా ఉంటాయి, మనుషుల్లో అలాంటి తేడా లేదు, మనిషిని నిర్ణయించేది కర్మే అని వాసెట్ఠ సుత్తంలో బుద్ధుడు చెప్పాడు. నిజమే, కుక్క ఒడ్డూ పొడుగూ, రంగూ పుట్టుకతో వస్తాయి. అయితే అది మనిషిని నమ్ముతుందా, బెదురుతుందా అన్నది చాలావరకు దానికి తారసపడిన మనుషుల్ని బట్టి ఉంటుంది. ఆ మనుషులు చేసిన కర్మకు ఆ కుక్కను శిక్షించడం ధమ్మమా?

అలాగని జాలిపడి వెంటనే తెచ్చేయకండి. ప్రజ్ఞ లేని కరుణ రెండు రోజుల ముచ్చట. పెద్ద కుక్కకు తిండి ఎక్కువ, చోటు ఎక్కువ, డాక్టరు ఖర్చూ ఉంటుంది. అద్దె ఇల్లయితే ముందు ఓనర్ని అడగండి. షెల్టర్‌కు రెండు మూడుసార్లు వెళ్లి, దాన్ని నడిపించి, పిల్లల దగ్గర ఎలా ఉంటుందో చూడండి. రేబీస్ టీకా, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయ్యాయో లేదో కనుక్కోండి. ఇంటికొచ్చాక ఓ మూల చోటిచ్చి, కొన్నాళ్లు మీద పడకుండా వదిలేయండి. అది తినకపోవచ్చు, దాక్కోవచ్చు. ఖంతి, అంటే సహనం, అక్కడే పరీక్షకొస్తుంది. పెద్ద కుక్కలో ఒక మేలూ ఉంది: ఎంత పెరుగుతుందో, గుణం ఎలాంటిదో ముందే కనబడుతుంది.

మీకు వీలుకాకపోతే తేవద్దు. తెచ్చి మళ్లీ వదిలేయడంకన్నా అదే మేలు. వీలైతే మాత్రం జాతి అడగకండి. "ఇన్నాళ్లూ దీనికి ఏం జరిగింది? బతికినన్నాళ్లూ చూసుకోగలమా?" అని అడగండి. పుట్టుకను చూసి విలువ కట్టే అలవాటును మన ఇంటి గడపలోనైనా ఆపుదాం.

నమో బుద్ధాయ.