హేరోదు వేషం ఎవరికి?

నాటకం నైతిక విద్యకు తోడ్పడుతుందా, ఆటంకమవుతుందా అన్నది క్రైస్తవ విద్యాచరిత్రలో పాత ప్రశ్న. వేషధారణ అసత్యమనీ, సత్యకర్త అయిన దేవుడు దానిని మెచ్చడనీ సుమారు క్రీ.శ. 200 నాటికే టెర్టూలియన్ వాదించాడు. కాగా, జెస్యూట్ గురువులు నాటకాన్ని బోధనాసాధనంగా స్వీకరించారు. అయినా 1599 నాటి వారి విద్యాప్రణాళిక ప్రకారం నాటకం లాటిన్‌లో, అరుదుగా, పవిత్రమైన ఇతివృత్తంతోనే జరగాలి, స్త్రీపాత్రలు ఉండరాదు.

ఈ నియమాలన్నీ ఏమి ఆడాలన్న దానిని గురించినవి. ఏ వేషం ఎవరికివ్వాలన్నది అంతకంటె పెద్ద నైతిక ప్రశ్న అని నా ప్రతిపాదన. శిశువులను చంపించిన హేరోదు క్రిస్మస్ నాటకంలో తరచుగా కనబడతాడు. నేను చదివిన పాఠశాలలో ఆ వేషం ఏటా అల్లరివాడికో, నల్లనివాడికో దక్కేది. దేవదూత వేషం వారికి ఎన్నడూ రాలేదు. తెర లేవకముందే తీర్పు ముగిసేది.

అభినయించిన దుష్టత్వం పిల్లలకు అంటుకోదా అని ఆక్షేపించవచ్చు. తెలుగులో 'పాత్ర' అంటే గిన్నె కూడా. గిన్నె తనలో పోసినదాన్ని మోస్తుంది, దానిగా మారదు. నాటకవిద్య నేర్పవలసిన భేదమిదే. సింహాసనం పోతుందన్న భయం మనిషినెంత క్రూరుణ్ణి చేస్తుందో హేరోదు వేషధారి లోపలినుంచి గ్రహిస్తాడు. ఆ గ్రహింపు బుద్ధిమంతుడని పేరుపడిన విద్యార్థికే ఎక్కువ అవసరం. లేకుంటే పాపం ఎప్పుడూ పక్కవాడిదేనని అతడు నమ్ముతాడు.