రోగి శయ్య చెంత దాసోహము

పన్నెండవ శతాబ్దమున కల్యాణ పట్టణమందు బసవేశ్వరుడు దయను ధర్మమునకు ఆధారముగా నిలిపెను. మనస్సున దయ పుట్టుట సులభము. అది చేతలలోనికి వచ్చుట కష్టము. చేసెడి పనిని శివపూజగా భావించుట కాయకము. అహంకారమును విడిచి దాని ఫలమును జంగమమున కర్పించుట దాసోహము.

ఈ రెండింటికిని నల్లగొండ, పాలమూరు పల్లెలలో నేడొక ప్రత్యక్ష నిదర్శనము కలదు. నయము కాని వ్యాధితో మంచము పట్టినవారి యిండ్లకు నర్సులు వెళ్ళి ఉపశమన సేవ చేయుచున్నారు. ఇందులకు కేంద్ర ప్రభుత్వము 2012లో జాతీయ కార్యక్రమమును రూపొందించెను. తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ ఈ సేవకు 'ఆలన' యని పేరిడెను. ఒక యింట క్యాన్సరు పుండు. వేరొక యింట పక్షవాతము. మర్రిగూడ ప్రాంతమున ఫ్లోరైడు నీటివలన ఎముకలు బిగిసి వంగిపోయిన దేహములు. పాలమూరున బిడ్డలు బొంబాయికి, పూణెకు వలస పోగా ఒంటరిగా మిగిలిన వృద్ధులు.

నర్సు వచ్చి, మొదట "అవ్వా, నొప్పి ఎట్లున్నది?" అని అడుగును. పుండును కడిగి మందు వేసి కట్టు కట్టును. నోరు శుభ్రపరచును. వీపున పుండ్లు పడకుండ రెండేసి గంటల కొకసారి ప్రక్కకు త్రిప్పవలెనని ఇంటివారికి నేర్పును. వైద్యుడు వ్రాసిన మార్ఫిన్ మాత్రను మత్తుపదార్థమని భయపడువారికి ధైర్యము చెప్పును. బాధితులకు ఈ మందు సులభముగా లభించుటకై 2014లో చట్టమే సవరింపబడినది.

శరణులు పంచసూతకములను త్రోసిపుచ్చిరి. లింగధారికి జనన సూతకము లేదు, మరణ సూతకము లేదు. అట్టి మతమున పుట్టియు పుండు వాసనకు ముక్కు మూసికొని, కన్నతల్లి మంచమును పశువుల కొట్టము ప్రక్కకు చేర్చుట తగునా? వ్యాధి పూర్వకర్మ ఫలమని పలికి చేతులు దులుపుకొనుట భక్తి యగునా?

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున కీర్తించిన బెజ్జమహాదేవి, శివునికి తల్లి లేదని జాలినొంది తానే తల్లి యయ్యెను. నూనె యంటి, నీళ్ళు పోసి, పాలు పట్టెను. శివుడు వ్యాధి వచ్చినట్లు నటింపగా తల్లడిల్లెను. లోకములేలువాడని ఆమె వెనుదీయలేదు. బిడ్డ పాలు త్రాగలేదనియే కుమిలెను. పరుల తల్లిని తన తల్లివలె కడిగి తుడుచు నర్సు, ఏ కులమున పుట్టినను, ఏ దైవమును కొలిచినను, ఆ మహాదేవి సంతతియే.

అయినను నర్సు ఉండునది కొంతసేపు మాత్రమే. తక్కిన దినమంతయు ఇంటివారిది. ఆమె నేర్పినది తప్పక చేయవలెను. లేవలేని పెద్దలను ఆనించి కూర్చుండబెట్టి, చేతులు కడిగి, విభూతి నుంచి, ఇష్టలింగమును అరచేత నుంచవలెను. మరణములెన్నో చూచి బరువెక్కిన హృదయముతో వచ్చు ఆ సోదరికి పీట వేసి, మంచినీళ్ళిచ్చి, చల్లని మాట పలుకవలెను. అన్నదాసోహము జరుపు మఠములు చక్రాల కుర్చీని, గాలిపరుపును ఎరువిచ్చి, యువజనులకు రోగిసేవ నేర్పించినచో, అదియు దాసోహమే యగును.

ఇష్టలింగమును ధరించిన దేహము కడ ఊపిరి వరకు పూజ్యమే. మంచము పట్టిన దినమున దాని పూజ మానరాదు.